అత్త చేపల పులుసులో మామిడి ఒరుగులు ఎంత వెయ్యాలి?

పోయిన మాఘంలో మా మేనత్త కాలం చేసింది. సంవత్సరీకం మర్నాడు (ఆ రోజు కాదులెండి) చుట్టాలకి ఆమె చేసే నెల్లూరు చేపల పులుసే పెట్టాలని ఇంట్లో అనుకున్నాం. మాఘంలో పచ్చిమామిడి దొరకదు, అదీ చిక్కు.

కొలత ఇది: కిలో కొరమీను, 80 గ్రాముల పాత చింతపండు, రెండు పెద్ద టమాటాలు, టెంకతో సహా ఒక పుల్లమామిడి, మట్టి దాకలో. అర చెంచా మెంతులు, చెంచా ఆవాలు, రెండు చెంచాల ధనియాలు వేయించి పొడి. మెంతులు ఎర్రబడగానే దించాలి, నల్లబడితే పులుసంతా చేదే. పులుసు బాగా మరిగాక ముక్కలు వేస్తాం, ఆపైన గరిటె పెట్టం, దాక పట్టుకుని తిప్పడమే. మామిడి చివరి పది నిమిషాల్లో. ముందే వేస్తే కరిగి గుజ్జవుతుంది.

మామిడి బదులు ఒరుగులు వేసి చూస్తే రెండు తేడాలొచ్చాయి. ఒరుగుల్లో ఉప్పుండటంతో పులుసు ఉప్పుకషాయమైంది. పైగా ఒరుగు ముక్క తోలులా మిగిలింది.

నెల్లూరు, ఒంగోలు వైపు పెద్దవాళ్లు చెప్పండి: కిలో చేపకి ఎన్ని ఒరుగులు? వేణ్నీళ్లలో ఎంతసేపు నానాలి, ఆ నీళ్లు పారబొయ్యాలా? చింతపండు ఎంత తగ్గించాలి? ఆమ్‌చూర్ (ఎండుమామిడి పొడి) మాత్రం చెప్పకండి, ఆ వాసన వేరు.