అగ్రరాజ్యాలు పతనమవుతాయా, క్షీణిస్తాయా?

మిత్రులారా, అంతర్జాతీయ వ్యవహారాల మీద తెలుగులో ఏది చదివినా ‘పతనం’ అన్న మాట దగ్గర ఆగిపోతున్నాను. సోవియట్ యూనియన్‌కూ పతనమే, బ్రిటిష్ సామ్రాజ్యానికీ పతనమే, ఇప్పుడు అమెరికాకూ అదే రాస్తున్నారు. ఈ మూడూ ఒక్కలాంటివి కావు. అన్నిటికీ ఒకే మాట వాడితే చరిత్రే చదునైపోతుంది.

పతనం అంటే పడిపోవడం. నిన్న నిలబడినది ఇవాళ నేలమీద ఉండాలి. సోవియట్ యూనియన్‌కు ఈ మాట అతికినట్టు సరిపోతుంది. 1991 ఆగస్టులో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌పై కుట్ర జరిగింది. డిసెంబరు 25న ఆయన రాజీనామా చేశారు, ఆ రాత్రే క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగింది. నాలుగు నెలల్లో ఒక మహారాజ్యం పటంలోంచి పోయి 15 దేశాలు మిగిలాయి.

బ్రిటన్ కథ అలా నడవలేదు. ‘సూపర్ పవర్’ అన్న మాటకు 1944లో ప్రాచుర్యం తెచ్చిన అమెరికన్ రాజనీతి పండితుడు విలియం ఫాక్స్ ఆ హోదాను మూడు దేశాలకిచ్చాడు. అమెరికా, సోవియట్ యూనియన్‌లతో పాటు బ్రిటన్ కూడా అందులో ఉంది! పన్నెండేళ్లు తిరిగేసరికి సూయజ్ సంక్షోభం వచ్చింది. 1956 జూలైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేస్తే, ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌లతో కలిసి బ్రిటన్ ఈజిప్టుపై దండెత్తింది. యుద్ధంలో ఓడలేదు. కానీ పౌండు కుదేలవుతున్న వేళ, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) సాయం అందాలంటే ముందు కాల్పులు ఆపాలని అమెరికాలోని ఐసెన్‌హోవర్ ప్రభుత్వం పట్టుబట్టింది. నవంబరు 6న ప్రధాని ఈడెన్ ఆపేశాడు, జనవరిలో పదవి వదులుకున్నాడు. 1968లో సూయజ్‌కు తూర్పున ఉన్న స్థావరాల నుంచి తప్పుకుంటామని బ్రిటన్ ప్రకటించింది. 1945లో అమెరికా దగ్గర చేసిన అప్పు ఆఖరి వాయిదా కట్టింది 2006 డిసెంబరులో. ఇన్ని దశాబ్దాల పాటు సాగినదాన్ని పతనం అని ఎలా అంటాం? భద్రతామండలిలో వీటో నేటికీ ఆ దేశం చేతిలోనే ఉంది. ఇది క్షీణత.

క్షీణతలో ఇంకో అర్థం కూడా ఇమిడి ఉంది. క్షీణించిన చంద్రుడు మళ్లీ పెరుగుతాడు. చైనాను చూడండి. 1820 నాటికి ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు మూడో వంతు చైనాదేనని ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ అంచనా కట్టాడు. తర్వాత శతాబ్దంన్నర చిక్కిపోయి, ఇప్పుడు మళ్లీ పుంజుకుంది. 1912లో పతనమైంది చింగ్ రాజవంశం. చైనా దేశం క్షీణించింది, అంతే. రెండు మాటలూ వేరువేరుగా వాడితేనే ఈ తేడా తెలుస్తుంది.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: పోతన ఎప్పుడో చెప్పేశాడు కదండీ, ‘కారే రాజులు రాజ్యముల్ గలుగవే గర్వోన్నతిం బొందరే, వారేరీ’ అని. అగ్రరాజ్యాలన్నిటికీ ఆ ఒక్క పద్యం చాలు.

నా జవాబు: నాకు ప్రాణమైన పద్యమండీ. అయితే దాన్ని సగంలో ఆపేస్తున్నాం. ఈ మాటలన్నది బలిచక్రవర్తి. దానం చేయవద్దని అడ్డుపడిన శుక్రాచార్యుడికి జవాబుగా అన్నాడు. రాజులు పోయారన్న దగ్గర పద్యం ఆగదు. శిబిలాంటి దాతలను ఈ కాలంలోనూ మరిచారా అని అడుగుతుంది. బలి తన దానాన్ని సమర్థించుకుంటున్నాడు, రాజ్యాలెందుకు కూలతాయో చెప్పడం లేదు. పైగా ‘వారేరీ’ అని అడగడానికి బ్రిటన్ ఎక్కడికీ పోలేదు.

మరొకరి వ్యాఖ్య: అయితే ‘శక్తి సమతుల్యత మారుతోంది’ అని రాయడం సరైనదేనా?

నా జవాబు: నాకు నచ్చదండీ. సమతుల్యత అంటే రెండు వైపులా సమానంగా తూగడం. ప్రపంచంలో బలం అలా సమంగా ఉన్న కాలం ఎంత? మనకు ‘బలాబలాలు’ అన్న చక్కటి మాట ఉంది. బలమూ అబలమూ రెండూ అందులోనే ఉన్నాయి. ఒకరి బలం తేలాలంటే పక్కవారిది కూడా చూడాలి. అమెరికా విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. 1960లో ప్రపంచ ఉత్పత్తిలో దాని వాటా సుమారు 40 శాతం, ఇప్పుడు నాలుగో వంతుకు అటూ ఇటూ. ఈ మధ్యకాలంలో అమెరికా సంపద తగ్గలేదు, ఎన్నో రెట్లు పెరిగింది. మిగతావాళ్లు ఇంకా వేగంగా పెరిగారు. సైనిక వ్యయంలో నేటికీ ఆ దేశానిదే మొదటి స్థానం. దీన్ని పతనం అంటే తప్పు, బలాబలాలు మారాయంటే నిజం.

అదే సభ్యుడు: మరి శీర్షికలో పెట్టడానికి చిన్న మాట? ఇతరులతో పోలిస్తే తగ్గడాన్ని ‘సాపేక్ష క్షీణత’ అంటే పాఠ్యపుస్తకంలా ఉంటుంది.

నా జవాబు: ‘పట్టు సడలడం’ అనవచ్చు. డాలరునే తీసుకోండి. దేశాల విదేశీ మారక నిల్వల్లో దాని వాటా ఈ శతాబ్దం మొదట్లో 70 శాతం దాకా ఉండేది, ఇప్పుడు 60 లోపే. అయినా రెండో స్థానంలో ఉన్న యూరో దరిదాపుల్లో లేదు. ‘డాలరు పతనం’ అని పెడితే చదివేవారు మారకం రేటు పడిందనుకుంటారు. ‘సడలుతున్న డాలరు పట్టు’ అంటే ఆ గొడవ ఉండదు.