బేస్‌మెంట్‌లో ఊట నీళ్ళు: లోపల డ్రెయిన్ వేయించాలా?

కొత్తిల్లు_ఎడిసన్:
మాది న్యూజెర్సీ, ఎడిసన్ దగ్గర. 1968లో కట్టిన ఇల్లు, పోయినేడు కొన్నాం, కింద బోలు కాంక్రీటు బ్లాకుల గోడలు. గట్టి వాన పడితే ఐదారు గంటల తర్వాత, ఒక్కోసారి వాన ఆగిపోయాక, వెనక గోడా నేలా కలిసే అంచులోంచి నీళ్ళు ఊరుతున్నాయి. తడి గీతలా మొదలై తెల్లారేసరికి కార్పెట్ అంచు మొత్తం నానుతోంది. కింది రెండు వరసల బ్లాకుల మీద ఉప్పు పేరినట్టు తెల్లటి పొడి, గోటితో గీస్తే రాలుతోంది. బియ్యం బస్తా అడుగు తడిసి ముక్కిపోతే మా అత్తగారు కనిపెట్టారు.

ఒక కాంట్రాక్టర్ పది నిమిషాలు చూసి, నాలుగు గోడల వెంబడీ నేల పగలగొట్టి డ్రెయిన్, సంప్ పంప్ (గొయ్యిలో చేరిన నీళ్ళని బయటికి తోడేది) వేయాలి, 16 వేల డాలర్లు, ఇవాళే సంతకం పెడితే రెండు వేలు తగ్గిస్తానన్నాడు. ఇంకొకాయన వాటర్‌ప్రూఫ్ పెయింట్ చాలన్నాడు. ఆగస్టులో అమ్మానాన్నా వస్తున్నారు, నాన్నకి ఆయాసం, కింద ఈ చెమ్మ వాసనలో ఎలా కూర్చోబెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. చేయించుకున్నవాళ్ళు చెప్పండి.

వానచినుకు:
ముందు ఆ సంతకం పెట్టకు తమ్ముడూ. ఈసారి వాన పడుతున్నప్పుడే గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒక్కసారి తిరిగి, చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూడు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 600 గ్యాలన్ల పైనే నీళ్ళు. మా ఇంట్లో డౌన్‌స్పౌట్ (చూరు గట్టర్ నీళ్ళని కిందికి దించే గొట్టం) ఊడిపోయి అవన్నీ గోడ మొదట్లోనే పడేవి, ఆకులతో గట్టర్ కూడా నిండిపోయింది. శుభ్రం చేసి, డౌన్‌స్పౌట్‌కి పైపు అతికించి నీళ్ళు దూరంగా వదిలి, గోడ నుంచి పది అడుగుల్లో ఆరంగుళాలు పల్లం వచ్చేలా మట్టి పోశాం. ఒక్క శనాదివారాల పని, మళ్ళీ నీళ్ళు రాలేదు.

రెండుసార్లు_తడిసినవాణ్ణి:
అక్క చెప్పింది ముందు చేయాల్సిందే. కానీ వాన ఆగాక ఊరుతోందంటే నాకు అనుమానం భూమిలో నీటిమట్టం మీదే. చూరు నీళ్ళయితే తొందరగా లోపలికొస్తాయి, ఇది నేల నానాక పునాది కింద నుంచి ఒత్తిడితో పైకి తన్నే నీరు. దానికి పెయింట్ ఆగదు బ్రదర్, మా ఇంట్లో ఏడాది తిరక్కుండా బుడగలు లేచి పెచ్చులుగా ఊడింది.

లోపల డ్రెయిన్ నీళ్ళని ఆపదు, వచ్చే నీటికి దారి చూపిస్తుంది. ఏట్లో ఇసుక తవ్వితే చెలమలోకి నీళ్ళు ఊరతాయి చూడండి, సంప్ గొయ్యి అదే. గోడ వెంబడి అడుగు వెడల్పున నేల కాంక్రీటు కోసి, ఫుటింగ్ (గోడ కింది పునాది దిమ్మ) పక్కన కాలువ తవ్వి, కడిగిన కంకరలో నాలుగంగుళాల చిల్లుల పైపు గొయ్యి వైపు వాలుగా పెడతారు. మీవి బోలు బ్లాకులు కాబట్టి కింది వరసలో రంధ్రాలు వేయించండి, లేకపోతే నీళ్ళు గోడ లోపలే నిలబడి ఉంటాయి. మాకు రంధ్రం వేసిన మరుక్షణం బురద రంగు నీళ్ళు ధార కట్టాయి, ఎన్నాళ్ళుగా అందులో ఉన్నాయో.

ఇంత చేయించి కూడా 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుఫాను వచ్చినప్పుడు మునిగాం. పంపు బాగానే ఉంది, కరెంటు పోయింది. గొయ్యి నిండి నీళ్ళు నేల మీదకి ఎక్కుతుంటే, మా ఆవిడా నేనూ బకెట్లతో తెల్లవార్లూ తోడాం. దయచేసి బ్యాటరీ బ్యాకప్ పంపు లేకుండా చేయించకండి, డబ్బులు చాలకపోతే ఇంకెక్కడైనా తగ్గించుకోండి.

సివిల్_బాబాయ్:
పై ఇద్దరి మాటా నిజమే. అడగాల్సినవి కొన్ని చెప్తాను. 1968 ఇల్లంటున్నారు, కార్పెట్ కింద తొమ్మిదంగుళాల పాత టైల్స్ ఉంటే వాటిలో ఆస్బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే పీచు) ఉండే అవకాశం ఎక్కువ, పరీక్ష చేయించకుండా నేల కోయనివ్వకండి. ఫుటింగ్ కింద మట్టి కదిలించకూడదు. పైపు కడగడానికి మూతలు పెట్టించండి. పంపు నీళ్ళు ఊరి మురుగు లైన్లో కలపడం చాలా టౌన్లలో నిషేధం, చలికాలం బయటి పైపు గడ్డకట్టకుండా చూడాలి, వెనక్కి రాకుండా చెక్ వాల్వ్ కావాలి. సంప్ మూత గాలి చొరకుండా బిగించేది పెట్టించి, పని అయ్యాక రేడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు) పరీక్ష చేయించండి, లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే దానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి. మీ ఇన్సూరెన్స్‌లో సంప్ పొంగితే కవర్ ఉందో లేదో ఇవాళే చూడండి, మామూలుగా అది విడిగా తీసుకోవాలి.

కొత్తిల్లు_ఎడిసన్:
నిన్న రాత్రి వానలో తిరిగాను అక్కా. వెనక మూల డౌన్‌స్పౌట్ నిజంగానే గోడ పక్కనే వదులుతోంది, పైపు తగిలించాను. అయినా పొద్దున అంచులో తడి ఉంది, కాకపోతే తక్కువ. కార్పెట్ మూల ఎత్తి చూశాను బాబాయ్, కింద ఆ చిన్న టైల్సే ఉన్నాయి. ముందు ఆ పరీక్ష, తర్వాత ఇంకో ఇద్దరి దగ్గర కొటేషన్. ఈలోపు కార్పెట్ ఎండబెట్టి డీహ్యూమిడిఫయర్ పెట్టాను, గాలిలో తేమ 71 శాతం చూపిస్తోంది, ఎంతకి దించాలి?

సివిల్_బాబాయ్:
50 లోపుకి. ఆ టైల్స్ మాత్రం గీకకండి, పగలగొట్టకండి, కదిలించకుండా అలాగే వదిలేయండి.