పొదుగువాపు మందుల ఖర్చు తగ్గించుకునే దారి ఉందా? (హొసకోటె, బెంగళూరు)

హొసకోటె దగ్గర మా నాన్నగారు నాలుగు సంకరజాతి ఆవులను పెంచుతున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ లెక్కలు నేను చూస్తాను. వాటిలో ఒకదానికి పొదుగువాపు మళ్లీ తిరగబెట్టింది. వెనక ఎడమ చన్ను గట్టిపడింది, పిండితే పాలలో తెల్లటి తునకలు పడుతున్నాయి.

ప్రైవేటు డాక్టరు వచ్చిన ప్రతిసారీ ఫీజు, ఆపైన సెఫ్ట్రియాక్సోన్ (యాంటీబయాటిక్), మెలాక్సికామ్ (నొప్పి, వాపు తగ్గించేది) ఇంజెక్షన్లు. మందు ప్రభావం పోయేదాకా పాలు డెయిరీకి పోయకూడదు కదా, అసలు దెబ్బ అక్కడే. దాణా ఖర్చు మాత్రం ఒక్క పూట కూడా ఆగదు.

1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుందని తెలుసు. మా వైపు ఎంతసేపట్లో వస్తోంది? మందులు వాళ్లే ఇస్తారా, చీటీ రాసి పంపుతారా? 2025 మార్చిలో కేంద్రం ఆమోదించిన ‘పశు ఔషధి’ పథకం కింద పశువుల జనరిక్ మందులు ఇక్కడ ఎవరికైనా దొరికాయా?

హెబ్బాళ పశువైద్య కళాశాలలో పాల నమూనా ఇచ్చి, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో పరీక్ష చేయించుకున్నవారు ఉంటే ఖర్చు ఎంతయిందో చెప్పండి. గుడ్డిగా సూదులు వేయించడం కంటే అదే నయమనిపిస్తోంది. కలబంద, పసుపు, సున్నం ముద్ద పూసి గుణం చూసినవారి అనుభవం కూడా కావాలి.

ఆవును అమ్మేయమనే సలహా బంధువులు ఇప్పటికే ఇచ్చేశారు, దయచేసి అది వద్దు.