ఆస్తి అమ్మితే పన్ను: నిర్మలమ్మ పెంచినట్టా, తగ్గించినట్టా?

పాతకాపు:
2024 జులై 23 బడ్జెట్లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ క్యాపిటల్ గెయిన్స్ పన్ను, అంటే ఆస్తులూ షేర్లూ అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను, మొత్తం తిరగేశారు. షేర్లు ఏడాది దాటాక అమ్మితే 10 శాతం ఉండేది, 12.5 అయింది. ఏడాదిలోపు అయితే 15 కాస్తా 20. ఇళ్లూ స్థలాల మీద 20 శాతాన్ని 12.5కి దించారు గానీ ఇండెక్సేషన్ ఎత్తేశారు. అంటే కొన్న ధరని ద్రవ్యోల్బణం లెక్కన పెంచి చూపించుకునే వీల్లేదు. దేశమంతా గోల లేచాక ఆగస్టు 7న లోక్‌సభలో సవరణ తెచ్చారు. జులై 23కి ముందు కొన్న ఇల్లూ స్థలమూ అయితే పాత లెక్కా కొత్త లెక్కా వేసుకుని తక్కువ వచ్చింది కట్టుకోవచ్చట. బడ్జెట్ అయ్యాక ఆవిడ, సగటున చూస్తే పన్ను తగ్గిందే అన్నారు. తగ్గిందే అయితే సవరణ ఎందుకమ్మా? నా లెక్కలో ఇది పెంపే. మీరేమంటారు?

గల్లీ లీడర్:
తెలుగింటి కోడలని మురిసినం. ఇంకేం అంటం.

లెక్కల మాస్టారు:
పెంపు, తగ్గింపు అని ఒక్క ముక్కలో తేల్చడం కుదరదండీ. 2010-11లో 20 లక్షలకి కొన్న స్థలం తీసుకోండి. ఇండెక్సేషన్‌కి ప్రభుత్వం ఏటా ఇచ్చే ద్రవ్యోల్బణ సూచీ ఆ ఏడాది 167, 2024-25లో 363. ఇండెక్సేషన్‌తో కొన్న ధర 43.47 లక్షలు అవుతుంది. ఇప్పుడు 60 లక్షలకి అమ్మితే పాత పద్ధతిలో లాభం 16.53 లక్షలు, పన్ను 3.31 లక్షలు. కొత్త పద్ధతిలో లాభం 40 లక్షలు, పన్ను 5 లక్షలు. అదే స్థలం కోటికి పోయిందనుకోండి, పాత పద్ధతిలో 11.31 లక్షలు, కొత్త పద్ధతిలో 10 లక్షలే. ధర బాగా పెరిగిన చోట కొత్తది లాభం, నత్తనడకన పెరిగిన చోట పాతది లాభం. సెస్సు, సర్‌ఛార్జి కలపలేదు.

పాతకాపు:
మాస్టారూ, అందరి స్థలాలూ కోటికి పోతాయా? హైవే పక్కన కొన్నవాడికి తగ్గింది, ఊరి లోపల కొన్నవాడికి పెరిగింది. దీన్ని సగటు అంటారా?

జీతగాడు:
ఒక్క మాట అడగనా అన్నా. నా జీతంలో పై శ్లాబులో 30 శాతం చేతికి రాకముందే పోతుంది. నాకు ద్రవ్యోల్బణం లేదా? పప్పూ ఉప్పూ ధర పెరిగిందని నా జీతాన్ని ఎవరైనా ఇండెక్స్ చేసి పన్ను వేస్తారా? మీరు కూర్చున్న చోట కూర్చుని స్థలం పెరిగితే 12.5. అదీ ఎక్కువేనా? నిజానికి ఆవిడ 20 పెట్టి ఇండెక్సేషన్ తీసేయాల్సింది.

బుల్లోడు:
అందరూ స్థలాల మీదే పడ్డారు. షేర్లవాళ్లకి సవరణ ఏది? 2004లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం గారు షేర్లు కొన్నా అమ్మినా పడే లావాదేవీ పన్ను, అదే ఎస్‌టీటీ తెచ్చి, దానికి బదులుగా దీర్ఘకాల లాభాల మీద పన్ను తీసేశారు. సరే బాగుంది. 2018లో ఆర్థిక మంత్రిగా జైట్లీ గారు లక్ష దాటిన లాభం మీద 10 శాతం మళ్లీ పెట్టారు. మరి ఎస్‌టీటీ పోయిందా? పోలేదు. ఇప్పుడు పన్ను 12.5 చేసి, ఫ్యూచర్స్ ఆప్షన్ల (షేర్ల ధరల మీద ముందస్తు ఒప్పందాల) ఎస్‌టీటీ కూడా 2024 అక్టోబర్ నుంచి పెంచారు. మినహాయింపు లక్ష నుంచి లక్షా పాతిక వేలు చేశామని మళ్లీ అదొక గొప్ప.

జీతగాడు:
2016 డిసెంబర్‌లోనే ప్రధాని మోదీ, మార్కెట్లో లాభపడేవాళ్లు పన్నుల రూపంలో తగిన వాటా ఇవ్వాలన్నారు కదా. దాచి చేసిందేం కాదు.

బుల్లోడు:
ఆ మర్నాడే జైట్లీ గారు, దీర్ఘకాల లాభాల మీద పన్ను వేసే ఉద్దేశం లేదన్నారు. అదీ గుర్తుంచుకో తమ్ముడూ. రెండో ఏడు తిరక్కుండానే వేశారు.

డాలర్ బాబాయ్:
సవరణ ఎన్నారైలకి వర్తించదని ఎవరూ చెప్పరేం? రెసిడెంట్లకీ, హిందూ అవిభక్త కుటుంబాలకీ మాత్రమేనట. నేను దేశంలో ఉన్నప్పుడు, ఇక్కడి జీతంతో, ఇక్కడ పన్ను కట్టి కొన్న ఫ్లాటు అది. ఇప్పుడు బయట ఉన్నాను కాబట్టి ఇండెక్సేషన్ లేదు. పైగా తక్కువ పట్టమని పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే కొనేవాడు లాభం మీద కాదు, మొత్తం ధర మీద టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టుకుంటాడు. ఆ కాగితం కోసం నన్ను తిప్పిన తిప్పుడు పగవాడికి కూడా వద్దు.

గల్లీ లీడర్:
బాబాయ్, డాలర్ల లెక్కన నీకు లాభమే గద. ఊకో.

డాలర్ బాబాయ్:
రూపాయి పడితే నష్టం కూడా నాదే. విషయం తెలీకుండా మాట్లాడకు.

పాతకాపు:
జీతగాడు తమ్ముడికి. కూర్చున్న చోట కూర్చుని అన్నావు చూడు, అక్కడ మండింది. ఆ స్థలం కోసం ఎన్ని పండగలు బట్టలు కొనుక్కోకుండా గడిపామో నీకేం తెలుసు? ఆక్రమణ జరక్కుండా ప్రహరీ కట్టించాను, ఏటా పన్ను కట్టాను, పక్కవాడితో సరిహద్దు తగాదా పడ్డాను. జీతం ఒకటో తారీకున పడేవాడికి ఇది అర్థం కాదు.

జీతగాడు:
అన్నా, కోపం వద్దు, సూటిగా చెప్పండి. రిజిస్ట్రేషన్ ఎంతకి చేయించారు? కాగితం మీద ఎంత, చేతికి ఎంత?

పాతకాపు:
అది నీకెందుకు?

జీతగాడు:
అసలు విషయం అదే కాబట్టి. మాస్టారు చెప్పిన 20 లక్షలు కాగితం మీద ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. ఇండెక్సేషన్ ఆ ఎనిమిదికే పనిచేస్తుంది. నగదుగా ఇచ్చిన మిగతా సొమ్ముకి ఏ సూచీ లేదు. ఇప్పుడు కొనేవాడు బ్యాంకు లోన్‌తో వస్తాడు, మొత్తం వైట్‌లో ఇస్తానంటాడు. దాంతో ఎప్పుడో దాచిన తేడా అంతా లాభంగా బయటపడుతుంది. మీ కోపం నిర్మలమ్మ మీద కాదు, చెక్కు మీద.

బుల్లోడు:
అబ్బో.

లెక్కల మాస్టారు:
అమ్మేటప్పుడు తక్కువ రాయిద్దామన్నా ఇప్పుడు అంత సులువు కాదు లెండి. ప్రభుత్వ విలువ కంటే పది శాతానికి మించి తక్కువ చూపిస్తే ప్రభుత్వ విలువనే అమ్మకం ధరగా పట్టుకుంటారు.

పాతకాపు:
అందరూ ప్రభుత్వ విలువకే రాయించుకునేవాళ్లయ్యా. అమ్మేవాడు చెక్కు తీసుకోనంటే స్థలం వదులుకోవాలా? నీతులు తర్వాత చెప్పు. నీకు పీఎఫ్ ఉంది, అందులో కంపెనీ వాటా ఉంది, గ్రాట్యుటీ ఉంది. నాది చిన్న వ్యాపారం. పెన్షన్ లేదు, పీఎఫ్ లేదు. ముసలితనానికి నాకున్నది ఆ స్థలమొక్కటే. దాన్ని రూల్స్ మధ్యలో మార్చి ఇదిగో కొత్త రేటు అంటే ఒళ్లు మండదా? శాతాల గొడవ నాకు అనవసరం. ముందు చెప్పి మార్చమంటున్నా.

జీతగాడు:
ఆ మాట మొదటి పోస్టులోనే అనాల్సింది. పెంపా తగ్గింపా అని మాస్టారి చేత లెక్కలేయించారు ఊరికే.

సరే, మీ ముసలితనం గురించి మీరు చెప్పారు, నా సంగతీ వినండి. మీ స్థలం పెన్షన్ కాబట్టి దాని ధర పెరుగుతూ ఉండాలి. అది పెరిగినంత కాలం నేను అద్దె ఇంట్లోనే. పెళ్లయినప్పటి నుంచీ డౌన్ పేమెంట్ కోసం దాస్తున్నాను, ఫ్లాటు రేటు నా కంటే ముందు పరిగెడుతోంది. పైగా సవరణ ఎవరికి ఇచ్చారో చూశారా? జులై 23కి ముందు కొన్నవాళ్లకి. రేపు నేను అప్పు చేసి ఇల్లు కొని, పదేళ్ల తర్వాత అమ్మితే నాకు ఇండెక్సేషన్ లేదు. పాత యజమాని గోల చేశాడు, పాత యజమానికి దొరికింది. ఇంకా కొననివాడి తరఫున సభలో ఎవరు లేచారు?

పాతకాపు:
కొన్నాక నువ్వూ నాలాగే మాట్లాడతావు.

జీతగాడు:
మాట్లాడతానేమో. ముందు కొననివ్వండి.

డాలర్ బాబాయ్:
ఎన్నారైల సంగతి ఎవరూ పట్టించుకోలేదు మళ్లీ.

మట్టిమనిషి:
చర్చ ఇప్పుడే చదివాను. మాది పొలం, మండల కేంద్రానికి దూరంగా ఉంది. అమ్మితే ఇందులో ఏ రేటు పడుతుందండీ?

లెక్కల మాస్టారు:
సాగుభూమి అయి, గ్రామీణ ప్రాంతంలో ఉంటే అసలు క్యాపిటల్ అసెట్, అంటే ఈ పన్ను పడే ఆస్తి, కిందకే రాదండీ. దగ్గర్లో మున్సిపాలిటీ ఉంటే దాని జనాభా చూడాలి. పదివేల నుంచి లక్ష దాకా అయితే 2 కిలోమీటర్లు, పది లక్షల దాకా 6, ఆ పైన 8. ఆకాశమార్గాన కొలుస్తారు, రోడ్డు దూరం కాదు. ఆ గీత దాటి అవతల ఉంటే పన్ను సున్నా, ఎన్ని కోట్లకి అమ్మినా.

జీతగాడు:
ఎన్ని కోట్లకి అమ్మినా సున్నానా?

పాతకాపు:
తమ్ముడూ, దాని జోలికి మాత్రం రాకు.