అప్‌డేట్: విద్యుదయస్కాంతత్వం పుస్తకం గొడవ

డిగ్రీ రెండో ఏడాది విద్యుదయస్కాంతత్వం పుస్తకంలో సూత్రాలు ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి మారిపోతున్నాయి, ఏం చేయాలి అని ఆ మధ్య అడిగాను కదా. చాలామంది "పుస్తకం మార్చెయ్యి" అన్నారు. ఒకరు మాత్రం "ముందు యూనిట్లు చూడండి" అన్నారు. అసలు సంగతి అదే, వారికి చాలా థాంక్స్.

మొదటి అధ్యాయాలన్నీ ఎస్‌ఐ పద్ధతిలో (మీటరు, కిలోగ్రాము, సెకను వాడే అంతర్జాతీయ యూనిట్లు) ఉన్నాయి. తరంగాల అధ్యాయానికి వచ్చేసరికి చెప్పాపెట్టకుండా గాసియన్‌లోకి (సెంటీమీటరు, గ్రాము, సెకను మీద నడిచే ఇంకో యూనిట్ల పద్ధతి) దూకేశారు. శూన్యంలో సమతల తరంగానికి ఎస్‌ఐలో విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రానికి కాంతివేగం రెట్లు ఉంటుంది. గాసియన్‌లో రెండూ సమానం. మా రచయిత సూత్రం ఒకదానిలో ఇచ్చి లెక్క ఇంకోదానిలో చేశారు! పాయింటింగ్ వెక్టర్ (తరంగం మోసుకెళ్లే శక్తి ప్రవాహాన్ని చెప్పేది) ముందు ఊడిపడ్డ "కాంతివేగం బై 4పై" ఎక్కడిదో ఇప్పుడు అర్థమైంది.

ఏ అధ్యాయం ఏ పద్ధతిలో ఉందో గుర్తుపట్టడానికి గాస్ నియమం (ఆవేశానికీ విద్యుత్ క్షేత్రానికీ ఉన్న సంబంధం) చూస్తున్నాను. ఆవేశ సాంద్రతను ఎప్సిలాన్ నాట్ అనే స్థిరాంకంతో భాగిస్తే ఎస్‌ఐ, 4పైతో గుణిస్తే గాసియన్. ఏదో తేలాక అధ్యాయం పైన పెన్సిల్‌తో రాసుకుంటున్నాను.

సూత్రాలు రాబట్టేటప్పుడు (డెరివేషన్లలో) ఎగరగొట్టిన మెట్లకు మాత్రం ఈ చిట్కా పనికిరాదు. వాటికి ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) వీడియోలే దిక్కు. పరీక్షలో ఎస్‌ఐలోనే రాయమన్నారు మా సార్, బతికిపోయాం.

వెనక ఇచ్చిన జవాబుల్లో కొన్ని, అయస్కాంత క్షేత్రానికి ఎస్‌ఐ యూనిట్ అయిన టెస్లాను 10,000తో గుణించి గాసియన్ యూనిట్ అయిన గాస్‌లోకి మారిస్తే సరిపోయాయి. రెండు మూడు ఇంకా కలవట్లేదు, అచ్చుతప్పులని నా అనుమానం. ఓపికున్నవాళ్లు చెబితే ఆ లెక్కలు ఇక్కడే పెడతాను.