లాడ్జి ఫోన్లలో బయటికి కాల్ చేయాలంటే ముందు 0 నొక్కాలా, వద్దా?

బెజవాడ వైరింగ్:
మూడంతస్తుల లాడ్జిలో పాత ఈపీఏబీఎక్స్ (గదుల ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజి పెట్టె) పీకేసి, ఆ పనే చేసే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్ పెడుతున్నాను. 48 గదులు, ఐపీ ఫోన్లు, ఒక సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద వచ్చే బయటి లైను). ఓనరుగారి పట్టేమిటంటే గది నంబరే ఎక్స్‌టెన్షన్ (101–116, 201–216, 301–316), రిసెప్షన్‌కి 9, బయటికైతే 0 కొట్టి నంబరు. పాతికేళ్లుగా ఇంతేనట. నాకు మాత్రం 0 తీసేసి, సెల్‌లో కొట్టినట్టే నేరుగా కొట్టనివ్వాలని ఉంది. ఏమంటారు?

పాత లైన్‌మన్:
ఉంచండి. మన బెజవాడ ల్యాండ్‌లైన్లు 2తో మొదలవుతాయి, మీ రెండో అంతస్తు గదులూ 2తోనే. 0 లేకపోతే 205 కొట్టాక ఇంకా అంకెలొస్తాయేమోనని ఫోన్ కాచుకుని కూర్చుంటుంది. పాత లింక్‌సిస్ ఎస్పీఏ ఐపీ ఫోన్లలో దానికి 3 సెకన్లు, 10 సెకన్లు అని రెండు టైమర్లుండేవి. అన్నిసేపు చప్పుడు లేకపోతే గెస్టు ఫోన్ పెట్టేసి, మెట్లు దిగొచ్చి అరుస్తాడు. నేను పడ్డాను.

సున్నా వద్దు:
గురువుగారూ, ఆ 2 గొడవకి మందుంది. ల్యాండ్‌లైనైనా ఎస్టీడీ కోడ్‌తోనే కొట్టమనండి, 0866తో. అసలు తంటా సున్నా పెట్టాకే. హైదరాబాద్ 040కి ముందు ఇంకో 0 కొడితే ఫోన్లో పడేది 0040. మా దగ్గర ఐఎస్‌డీ (విదేశీ కాల్స్) ఆపడానికి 00తో మొదలయ్యేదాన్నల్లా అడ్డుకునే ప్యాటర్న్, అంటే కొట్టిన అంకెల్ని పోల్చి చూసే నియమం, రాసి పెట్టారు. ఇంకేముంది, హైదరాబాద్ బంద్. 0040 అంటే రొమేనియా కదా మరి! 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీంచి సెల్‌కి చేసినా ముందు 0 ఉండాల్సిందే, కాబట్టి అలవాటుకొద్దీ సెల్ నంబర్లకీ 00 కొట్టారు, అవీ ఆగిపోయాయి. రెండు రోజులు ట్రంక్ వాళ్లని తిట్టుకున్నాం, పాపం.

పాత లైన్‌మన్:
అది సున్నా తప్పు కాదు, ప్యాటర్న్ రాసినవాడి తప్పు. ముందు సున్నా కోసేసి, మిగిలినదాన్ని చూడాలి.

డల్లాస్ నైట్‌షిఫ్ట్:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. 2013లో మా టెక్సస్‌లోనే, మార్షల్ అనే ఊళ్లో, ఒక మోటెల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల పాప 911కి నాలుగుసార్లు కొట్టింది. కలవలేదు, బయటి లైనుకి ముందు 9 కొట్టాలని ఆ పిల్లకేం తెలుసు? తల్లి చనిపోయింది. ఆమె పేరిటే 2018లో కారీస్ లా వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత అమెరికాలో పెట్టే ఏ ఆఫీసు, హోటల్ సిస్టమ్‌లోనైనా 911 నేరుగా కలవాలి. మీ లాడ్జిలో 0 ఉన్నా లేకపోయినా 108 కొడితే ఎక్కడికెళ్తుందో చూసుకున్నారా?

బెజవాడ వైరింగ్:
అన్నా... ఒకటో అంతస్తు ఎనిమిదో గదికి.

డల్లాస్ నైట్‌షిఫ్ట్:
112 కూడా గదే. 101 కొడితే ఫైర్ స్టేషన్ బదులు ఎవరో నిద్రమత్తులో 'హలో' అంటారు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన దగ్గర్నుంచి 108 జనం నోళ్లలో నానిపోయింది. గుండె పట్టుకున్న మనిషి పక్కన కూర్చుని ముందు సున్నా కొట్టాలని ఎవరికి గుర్తుంటుంది?

సున్నా వద్దు:
ఇంకో చిక్కు. చాలామంది ఆస్టరిస్క్ మెయిన్ కాంటెక్స్ట్‌లో (ఇలాంటి ప్యాటర్న్‌ల జాబితాలో) అండర్‌స్కోర్, ఎక్స్, చుక్క అని 'ఏదైనా సరే' ప్యాటర్న్ రాసేసి, 108ని దానికి ఇంక్లూడ్ చేసిన, అంటే జోడించిన, వేరే కాంటెక్స్ట్‌లో పెడతారు. ఒకే కాంటెక్స్ట్‌లో ఉంటే కచ్చితమైన 108కే పెద్దపీట. కానీ ఇంక్లూడ్ చేసినవాటిని ఆస్టరిస్క్ ఆఖర్న చూస్తుంది, ఈలోపు ఆ చుక్క మింగేస్తుంది. కన్సోల్లో డయల్‌ప్లాన్ షో కొట్టి, 108, అట్, గదుల కాంటెక్స్ట్ పేరు ఇవ్వండి, ఎక్కడ దొరికిందో చూపిస్తుంది. టెస్టు కోసం నిజంగా అంబులెన్సుకి చేయకండి.

పాత లైన్‌మన్:
గదులకి నాలుగంకెలు పెట్టవయ్యా. 108వ గదికి 5108. అత్యవసర నంబర్లు సున్నాతోనూ, సున్నా లేకుండానూ రెండు విధాలా పోవాలి. ట్రంక్ ఇచ్చినవాళ్లు ఆ నంబర్లు మోస్తారో లేదో రాతపూర్వకంగా అడుగు. మిగతా కాల్స్‌కి నేనింకా సున్నా పక్షమే.

బెజవాడ వైరింగ్:
ఓనరుగారితో మాట్లాడాను. తలుపుల మీద ఇత్తడి నంబర్లు మార్చాలేమోనని మొదట గోల పెట్టారు. తలుపు జోలికి పోము, ఫోన్ మీద స్టిక్కరొక్కటే అంటే దిగొచ్చారు. సున్నా ఉంటోంది. ఐఎస్‌డీ అడ్డు మాత్రం సున్నా కోశాకే చూసేలా తిరగరాశాను. నిన్న 0 కొట్టి 040 కొట్టాను, హైదరాబాద్‌లో మా పిన్ని ఎత్తింది.