ఏడాది నిండిన పాప బరువు 8.1 కిలోలు: తక్కువా, సరిపోతుందా?

పాపాయి అమ్మ
మా పాపకు ఈ మధ్యే ఏడాది నిండింది. బరువు 8.1 కిలోలు, పొడవు 73 సెంటీమీటర్లు. పుట్టినప్పుడు 2.7 కిలోలు ఉంది. గోడ పట్టుకుని నడుస్తుంది, పిలిస్తే పలుకుతుంది, రోజంతా హుషారుగానే ఉంటుంది. అయినా చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఇంత సన్నగా ఉందేమిటమ్మా, కడుపునిండా పెట్టడం లేదా?" అదే నెలలో పుట్టిన మా ఆడపడుచు కొడుకు పదిన్నర కిలోలు ఉన్నాడు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మరీ పోలుస్తున్నారు. దానికి తోడు ఈమధ్య పాప తిండి కూడా తగ్గింది. మీ పిల్లలు ఈ వయసులో ఎంత ఉండేవారు? ఎప్పుడు కంగారు పడాలి?

ఇద్దరి నాన్న
ముందు లెక్క చూద్దామండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాల ప్రకారం ఏడాది వయసుకు ఆడపిల్లల మధ్యస్థ బరువు 8.9 కిలోలు, మగపిల్లలది 9.6. ఆడపిల్లలు 7 నుంచి 11.5 వరకు, మగపిల్లలు 7.7 నుంచి 12 వరకు ఉన్నా మామూలు పరిధిలో ఉన్నట్లే. అంటే మీ పాప, మీ ఆడపడుచు గారి అబ్బాయి ఇద్దరూ ఆ పరిధిలోనే ఉన్నారు. పైగా ఒక ఆడపిల్లను మగపిల్లవాడితో పోల్చడమే సరికాదు, వాళ్ల చార్టులే వేరు.

బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో తల్లిపాలు తాగి, మంచి వాతావరణంలో పెరిగిన పిల్లలను కొలిచి ఆ చార్టులు తయారుచేశారు. వాటిలోని మధ్యరేఖను చాలామంది పాసుమార్కు అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో సగం మంది ఆ రేఖకు కిందే ఉంటారు. పుట్టిన బరువు ఏడాదికి సుమారు మూడు రెట్లు కావాలంటారు. మీ పాప 2.7 నుంచి 8.1కి వచ్చింది, సరిగ్గా మూడు రెట్లు.

పిల్లల వార్డు నర్సు
పైన చెప్పింది నిజమే, కానీ ఒక్క రోజు తూకాన్ని బట్టి ఏ మాటా చెప్పలేమమ్మా. 6 నెలలకు, 9 నెలలకు ఎంత ఉందో చూడాలి. చార్టులో తన గీత వెంటే పైకి పోతుంటే, ఆ గీత మధ్యరేఖకు కింద ఉన్నదైనా ఫరవాలేదు. పై గీత మీద ఉన్న బిడ్డ రెండు పెద్ద గీతలు దాటి కిందికి జారితేనే మేము ఎక్కువగా ఆలోచిస్తాం, అప్పటికి బరువు మామూలు పరిధిలోనే ఉన్నా సరే.

కొలిచే తీరులోనే సగం తేడాలు వస్తాయి. బట్టలు, డైపర్ తీసేసి, వీలైతే ప్రతిసారీ అదే యంత్రం మీద తూచాలి. తడిసిన డైపరు ఒక్కటే పావుకిలో దాకా తూగుతుంది. పొడవు కొలవడం ఇంకా కష్టం. రెండేళ్లలోపు పిల్లలను పడుకోబెట్టి కొలవాలి. ఒకరు తలను బల్ల అంచుకు ఆనించి కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లను మెల్లగా నొక్కి కాళ్లు చాపి, కదిలే పలకను మడమలకు తాకించాలి. ఒక్కరే టేపుతో కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది, దాంతో లేనిపోని భయం పట్టుకుంటుంది.

బరువు, పొడవు, తల చుట్టుకొలత మూడూ కలిపి చూడాలి. పొట్టిగా ఉన్న బిడ్డ తక్కువ బరువుంటే అది ఆ పొడవుకు తగ్గ బరువే కావచ్చు.

కవలల తల్లి
నెలలు నిండకముందే పుట్టిన పిల్లల తల్లులెవరైనా చదువుతుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మా ఇద్దరూ రెండు నెలలు ముందే పుట్టారు. అందుకని వాళ్ల మొదటి పుట్టినరోజున మా డాక్టరు గారు చార్టులో పది నెలల దగ్గర చుక్క పెట్టారు. రెండేళ్లు వచ్చేవరకు ఆ రెండు నెలలూ తీసేసే లెక్క చూడాలన్నారు. ఆ ఒక్క సవరణతో, చార్టుకు దిగువన ఎక్కడో ఉన్నట్లు కనిపించిన పిల్లలు పరిధిలోకి వచ్చారు. ఒకే ఇంట్లో, ఒకే తిండి తింటూ పెరిగినా ఇద్దరి గీతలూ ఇప్పటికీ వేరువేరు. బొద్దుగా ఉన్నవాడికంటే సన్నగా ఉన్నవాడే ముందు నడిచాడు.

ముగ్గురు మనవల అమ్మమ్మ
తిండి తగ్గిందన్నావు కదమ్మా, దాని గురించి చెబుతాను. మొదటి ఏడాది బిడ్డ ఆరు కిలోల దాకా పెరుగుతుంది. రెండో ఏడాది మొత్తం కలిపినా రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. దానికి తోడు నడక వచ్చే వయసు, కూర్చుని తినడానికి మనసొప్పదు.

ఏం పెట్టాలో, ఏ వేళకు పెట్టాలో మనం చూసుకోవాలి. ఎంత తినాలో బిడ్డ చూసుకుంటుంది. రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి, అడిగినప్పుడు తల్లిపాలు. మొహం పక్కకు తిప్పినా, పెదవులు బిగించినా, చెంచాను తోసేసినా చాలని చెప్పినట్టే. ముక్కు మూసి కుక్కే అలవాటు కొందరిలో ఇంకా ఉంది, అది చూస్తే నా ప్రాణం విలవిలలాడుతుంది. ఊపిరితిత్తుల్లోకి పోతే ఎంత ప్రమాదం! ఫోను చూపిస్తూ తినిపించినా కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియదు. ఒక పూట తినకపోతే మరో పూట తింటుంది. వారం మొత్తం మీద చూసుకో.

బాబు పెదనాన్న
బొద్దుగా ఉంటే చాలు, ఆరోగ్యంగా ఉన్నట్లే అనుకునేవాళ్ల కోసం ఒక అనుభవం. మా తమ్ముడి కొడుకు ఏడాదిన్నరకు చూడముచ్చటగా ఉండేవాడు, బరువులో లోటే లేదు. కానీ కింది కనురెప్ప లోపల ఎరుపు లేదు, అరచేతులు తెల్లగా పాలిపోయాయి, ఊరికే చిరాకుపడేవాడు. రక్తపరీక్షలో ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనత అని తేలింది. రోజుకు లీటరుకు పైగా ఆవుపాలు తాగుతున్నాడు, ఇక అన్నానికి చోటెక్కడిది? పాలలో ఇనుము చాలా తక్కువ, అందులోని కాల్షియం మిగతా ఆహారంలోని ఇనుమును కూడా సరిగా ఒంటబట్టనివ్వదు.

డాక్టరు ఇచ్చిన ఐరన్ చుక్కలు వేస్తూ, పాలను అర లీటరు లోపుకు తగ్గించారు. సీసా మాన్పించి కప్పుతో ఇచ్చారు. గుడ్డు, మాంసం, పప్పుధాన్యాలు, వాటితో పాటు ఇనుము ఒంటబట్టేలా పుల్లటి పండ్లు పెట్టారు. కొన్ని వారాలకే ఆకలి తిరిగొచ్చింది. బరువు చూసి ఊరుకుని ఉంటే ఆ లోపం ఎన్నాళ్లకు బయటపడేదో. ఐరన్ మందు మాత్రం సొంతంగా వేయకండి, మోతాదు మించితే పిల్లలకు ప్రాణాపాయం.

పాపాయి అమ్మ
అందరికీ ధన్యవాదాలు. పాత కార్డు వెతికాను. 6 నెలలకు 6.6, 9 నెలలకు 7.5, ఇప్పుడు 8.1. చార్టులో పెట్టి చూస్తే చుక్కలన్నీ మధ్యరేఖకు కింద, ఒకే వరుసలో ఉన్నాయి. ఇంకొక్క మాట అడుగుతాను. బరువు పెరగడానికి పాలలో కలిపే పొడి పట్టమని ఇంట్లో పట్టుబడుతున్నారు. పట్టవచ్చా? ఇకపై వారం వారం తూచాలా?

పిల్లల వార్డు నర్సు
వరుస బాగుందమ్మా. పొడి అవసరం లేదు. అలాంటి వాటిలో చాలావరకు చక్కెర ఉంటుంది, ఆ తీపితో కడుపు నింపితే భోజనం ఇంకా తగ్గుతుంది. పాప తినే ముద్ద చిన్నది కాబట్టి అందులోనే కాస్త నూనెగానీ వెన్నగానీ కలిపి, జారుగా కాకుండా చిక్కగా పెట్టండి.

బరువు తగ్గుతున్నా, రెండు మూడు నెలలుగా అస్సలు పెరగకపోయినా, విరేచనాలు, వాంతులు తగ్గకపోయినా, బిడ్డ మందకొడిగా మారినా, వచ్చిన నడకో మాటో వెనక్కి పోయినా వెంటనే చూపించాలి. రెండు పాదాలూ ఉబ్బితే ఆ రోజే తీసుకెళ్లాలి. దండ చేయి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే పోషణ లోపం ఉన్నట్టు, 11.5 కంటే తగ్గితే అది తీవ్రమైనట్టు.

వారం వారం తూచకండి. ఈ వయసులో వారానికి పెరిగేది సుమారు యాభై గ్రాములే, తూచే ముందు తాగిన పాలే అంతకంటే ఎక్కువ తూగుతాయి. 15 నెలలప్పుడు ఎలాగూ పరీక్షకు వెళ్తారు, అప్పుడు ఈ కార్డు వెంట తీసుకెళ్లండి.